రానివాళ్ళ కుర్చీ

జూన్ 3, మంగళవారం

గొంతు డాక్టరు నా నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూశారు. స్వరపేటికలో బొడిపెలు లేచాయట. మూడు వారాలు మాట్లాడకూడదట. గుసగుసలు కూడా పనికిరావట, అవి మరీ చేటట. "ఇప్పుడు మీరు నోరు కట్టుకోకపోతే రేపు నేను కత్తి పట్టుకోవాల్సి వస్తుందమ్మా" అన్నారు.

మా ఆయన పక్కనే కూర్చుని బుద్ధిగా తలూపారు. మెట్లు దిగాక, "ఇంత మంచి డాక్టరు మన పెళ్ళైన కొత్తలోనే దొరికుంటే ఎంత బాగుండేది" అన్నారు. తిరిగి తిట్టలేనని తెలిసి అన్న మాట. చేతిలో ఉన్న మందుల సంచీతో ఒకటి వేశాను.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాగే ఉద్యోగం నాది. మాట లోపలే ఉండిపోతే కడుపు ఉబ్బిపోతుంది. అందుకే ఈ డైరీ. ఆయన ప్రెస్సులో మిగిలిపోయిన నిరుటి డైరీ ఇది. వారాలు కొట్టేసి రాస్తున్నాను. ఎవరూ చదవడానికి కాదు.

నా స్పోకెన్ ఇంగ్లిషు క్లాసు ఎలాగా అనేదే బెంగ. ఇన్‌స్టిట్యూట్ ఓనరు అసలే కాచుక్కూర్చున్నాడు. పొద్దుటి బ్యాచ్‌నీ సాయంత్రం బ్యాచ్‌నీ ఒక్కటి చేసెయ్యమని ఏడాదిగా నస. గది మిగిలితే కంప్యూటర్లు పెట్టుకుంటాడట. ఒక్కొక్కరూ రోజుకి నాలుగు ముక్కలైనా నోరు విప్పి మాట్లాడాలి, అంతమందిని ఒకేచోట కుక్కితే అది జరగదు అని నేను. నేనుండగా ఆ పని కాదని అతనికి తెలుసు.

దారిలో పలక కొన్నాను. దాని మీద మొట్టమొదట రాసి ఓనరుకి చూపించిన మాట: "మా చెల్లెలు చూసుకుంటుంది."

జూన్ 4, బుధవారం

చిన్నది ముందు ఒప్పుకోలేదు. "నావల్ల కాదక్కా. పదిమంది ముందు నాకు గొంతు పెగలదు" అంది. రెండేళ్ళుగా మా ఇంట్లో ఉంటూ, నా క్లాసులో వెనక బెంచీలో కూర్చుని అన్నీ చూస్తూనే ఉంది. దానికి రానిది ఏమీ లేదు. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే కదా, నాకు తెలియదా. చిన్నప్పుడు నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరైనా పేరడిగితే నా వెనక దాక్కునేది. పేరు నేనే చెప్పేదాన్ని. ఉద్యోగం ఇంటర్వ్యూకి కూడా గుమ్మం దాకా నేనే వెళ్ళాను.

పలక నిండా రాసి, తుడిచి, మళ్ళీ రాసి పాఠం అప్పజెప్పాను. మనవాళ్ళు 'షీ డ్రైవ్' అని ఆగిపోతారు. 'డ్రైవ్స్' అనరు. 'ఐ'కి అక్కర్లేదు, 'యూ'కి అక్కర్లేదు, ఆయనకీ ఆవిడకీ మాత్రం చివర తోక ఉండాలని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా బుర్రకెక్కదు. నోటితో ఆడితేనే ఎక్కుతుంది. ఎవరైనా తోక మర్చిపోతే క్లాసంతా 'స్స్స్' అని బుస కొట్టాలి. కింద స్టేషనరీ కొట్టాయన మాది పాముల క్లాసంటాడు.

తర్వాత రానివాళ్ళ కుర్చీ. ఆ రోజు ఎవరు క్లాసుకి రాలేదో వాళ్ళ కోసం నా నీలం కుర్చీ ముందు వేస్తాం. ఒకరు లేచి వాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మూడు నిజాలు, ఒక అబద్ధం. అబద్ధం వినగానే అందరూ చెయ్యెత్తి 'లై' అనాలి. ఎదుట లేనివాళ్ళ గురించి మాట్లాడటం ఒకళ్ళు నేర్పాలా, అందరికీ పుట్టుకతో వచ్చిన విద్యే. బస్సు డ్రైవరుగారు మొదట్లో 'ఎస్ మేడం' తప్ప మరో మాట ఎరగరు. ఆ కుర్చీ చూశాక ఆయన్ని ఆపడం కష్టమైంది. పైగా తమ గురించి ఏం చెప్పుకున్నారోనని మానేసినవాళ్ళు మర్నాడు పరిగెత్తుకొస్తారు. వచ్చినవాళ్ళని అదే కుర్చీలో కూర్చోబెట్టి, చెప్పినవాళ్ళు ఆ నాలుగు మాటలూ వాళ్ళ ముఖం మీద మళ్ళీ చెప్పాలి. అబద్ధం ఏదో కుర్చీలో ఉన్నవాళ్ళే తేలుస్తారు. ఇది నా నియమం. ముఖం మీద అనలేనిది వెనక అనకూడదు.

చిన్నది అన్నిటికీ తలూపి, "ఆ చివరిది అవసరమా అక్కా, టైం వేస్టు కదా" అంది.

అవసరమే అని రాసి కింద రెండు గీతలు గీశాను.

జూన్ 5, గురువారం

చిన్నది క్లాసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది. డ్రైవరుగారు ఏమన్నారో, కుట్టుమిషనావిడ తోక మర్చిపోతే ఎలా బుస కొట్టారో, ఒకటే కబుర్లు. దానికి ఇంత గొంతుందని నాకే తెలియదు. అన్నం చల్లారిపోయినా ఆపలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మా ఆయన, "ఒక రేడియో ఆగిందని సంతోషించాను, రెండోది మోగుతోంది" అన్నారు.

జూన్ 9, సోమవారం

ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, క్లాసుకొచ్చి వెనక కూర్చుంటానని రాశాను. చిన్నది పలక నా చేతిలోంచి తీసుకుని మంచం మీద పెట్టింది.

"నువ్వక్కడుంటే ఊరుకోలేవక్కా. ఎవరో ఒకరు తప్పు చెప్తారు, నీ నోట్లోంచి మాట జారుతుంది. ఇన్నాళ్ళ పథ్యం పాడైపోతుంది. నీ కోసమే చెప్తున్నా."

నిజమే. నాకు నా సంగతి తెలుసు.

జూన్ 11, బుధవారం

ఫోనులో క్లాసు గ్రూపు కనపడటం లేదు. చిన్నదాన్ని అడిగితే, "నేనే తీసేశాను. చదివితే జవాబు చెప్పాలనిపిస్తుంది, ఫోను చెయ్యాలనిపిస్తుంది. నీ కోసమే" అంది. ఎంత ముందుచూపు. నాకు తోచలేదు.

కుట్టుమిషనావిడ రోజూ పొద్దున్నే ఒక పువ్వు బొమ్మ పంపేది, 'గుడ్ మార్నింగ్' అని. అది లేకపోతే తెల్లవారినట్టు లేదు.

జూన్ 13, శుక్రవారం

మా ఆయన ఇన్‌స్టిట్యూట్ మీదుగా వచ్చారట. పక్కగది బెంచీలు ఇంగ్లిషు గదిలోకి మోస్తున్నారట. "మీ చిన్నదే దగ్గరుండి మోయిస్తోంది. అలా కాదు, గోడకి ఆనించి వెయ్యండి అని ఎంత దర్జాగా చెప్తోందో" అన్నారు.

రంగులు వేయించడానికి అయ్యుంటుందని రాశాను.

"ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు" అన్నారు పేపరు మడుస్తూ.

పలక మీద పట్టినంత పెద్ద అక్షరాలతో "నోరు ముయ్యండి" అని రాసి ఆయన ముక్కు ముందు పెట్టాను. ఎవరు ఎవరికి చెప్తున్నారోనని ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పాలు పోసి పెంచడం గురించి ఇంకో సామెత కూడా మొదలుపెట్టబోయారు. అది నేను రాయను.

జూన్ 14, శనివారం

చిన్నది క్లాసులో బుస మానిపించిందట. ఓనరుకి చిరాగ్గా ఉంటోందట. పోనీలే, మూడు వారాలే కదా.

జూన్ 16, సోమవారం

కూరల దగ్గర కుట్టుమిషనావిడ కనపడింది. పలక తీసుకెళ్ళలేదు. ఆవిడ బుట్ట కింద పెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీరెక్కడున్నా చల్లగా ఉండాలి మేడం. మా ఆడపడుచు నన్ను ఇన్నాళ్ళూ మొద్దు అనేది. మొన్న బ్యాంకులో ఇంగ్లిషులో మాట్లాడితే నోరు తెరుచుకుని చూసింది. మీ చలవే."

మెడ మీద చెయ్యి పెట్టి, వేలితో గాల్లో సున్నా చుట్టి, వచ్చేవారం అని సైగ చేశాను. ఆవిడ ఇంకా బాగా ఏడ్చింది. మళ్ళీ కనపడనివాళ్ళకి చెప్పే వీడ్కోలులాగా ఉంది ఆవిడ వాలకం. గొంతు జబ్బంటే జనానికి ఇంత భయమా.

జూన్ 17, మంగళవారం

'మీరెక్కడున్నా' అంది. నేనెక్కడుంటాను, రెండు వీధుల అవతల ఉంటాను.

జూన్ 19, గురువారం

ఆగలేకపోయాను. చిన్నది వెళ్ళిన కాసేపటికి నేనూ బయల్దేరాను. లోపలికి వెళ్ళను, వరండాలో నిలబడి నాలుగు మాటలు విని వచ్చేస్తాను, అంతే అనుకున్నాను. స్టేషనరీ కొట్టాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ లేవని మనిషి.

పైన నీళ్ళ కూజా పక్కన నిలబడ్డాను. తలుపు కొంచెం తెరిచి ఉంది. గది నిండా బెంచీలు. సగం మొహాలు నాకు తెలియవు, కొత్తగా చేరినట్టున్నారు. వెనక వరసలో ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు, ఒకాయన కునుకుతున్నాడు. బోర్డు దగ్గర చిన్నది. నీలం కుర్చీ ముందు వేసి ఉంది.

"ఈరోజు ఎవరి గురించి?" అని అడిగింది చిన్నది.

డ్రైవరుగారు లేచారు. "మేడం గురించి" అన్నారు.

చిన్నది చాక్‌పీసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "సరే, చెప్పండి" అంది.

నాకు నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆయన తోకలు లెక్కపెడుతూ విన్నాను. "షీ వర్క్స్ హార్డ్" అన్నారు. ఎవరూ చెయ్యెత్తలేదు. "షీ డ్రింక్స్ టీ వితౌట్ షుగర్." ఎత్తలేదు. "షీ షౌట్స్ ఎ లాట్." గదంతా నవ్వు, ఎత్తలేదు. తోకలన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, "షీ కమ్స్ బ్యాక్ ఆన్ మండే" అన్నారు.

పాతవాళ్ళు, కొత్తవాళ్ళు, ఫోన్లు చూసుకునేవాళ్ళు, అందరూ చేతులెత్తారు. "లై" అన్నారు ఒక్క గొంతుతో. సోమవారం నేను తిరిగొస్తాననే మాట ఆ గదిలో అబద్ధం. అందరికీ తెలిసిన అబద్ధం. కుట్టుమిషనావిడ కూడా చెయ్యెత్తింది, రెండో చేత్తో కళ్ళు తుడుచుకుంటూ.

చిన్నది ఏమంటుందోనని చూశాను. ఇంకా నమ్మకం చావలేదు నాకు. కాదండీ, అక్క సోమవారం వస్తుంది అంటుందనుకున్నాను. అది బోర్డు వైపు తిరిగి, "వెరీ గుడ్, కరెక్ట్" అంది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఇంటికొచ్చి స్నానాలగదిలో కుళాయి తిప్పి కూర్చున్నాను. ఏడవడానికి కూడా గొంతు వాడకూడదు కదా. ఏకు మేకైంది. నా చేత్తో అన్నం తిన్న పిల్ల. నా వెనక దాక్కున్న పిల్ల.

జూన్ 20, శుక్రవారం

దానికి ఒక అవకాశం ఇద్దామనుకున్నాను. అన్నాల దగ్గర పలక మీద రాశాను: "సోమవారం వస్తున్నానని క్లాసులో చెప్పావా?"

చిన్నది చదివింది. నీళ్ళు తాగింది.

"చెప్పకుండా ఉంటానా అక్కా. అందరూ నీ కోసం ఎదురుచూస్తున్నారు. కానీ తొందరేం లేదు. డాక్టరు ఇంకో నెల ఆగమన్నా ఆగు. నేనున్నాగా."

కళ్ళలోకి చూసి మరీ చెప్పింది. మా ఆయన నా వైపు చూశారు, నేను పళ్ళెం వైపు చూశాను. అడిగినప్పుడు తల దించుకుని ఉంటే క్షమించేదాన్నేమో. ఇంత చక్కగా ముఖం చూసి మాట్లాడటం దానికి నేర్పింది నేనే.

జూన్ 21, శనివారం

పుక్కిలించడానికి ఉప్పునీళ్ళు కాచి తెచ్చింది. నా కోసమే. అది వెళ్ళాక పారబోశాను.

జూన్ 23, సోమవారం

పొద్దున డాక్టరు చూశారు. బొడిపెలు కరిగాయి. రోజుకి కాసిని మాటలతో మొదలుపెట్టమన్నారు. "ఏదీ, ఏదైనా అనండి" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆ మొదటి మాట ఆయన గదిలో ఖర్చు చెయ్యదలుచుకోలేదు.

సాయంత్రం క్లాసు మొదలయ్యాక వెళ్ళాను. ఈసారి వరండాలో ఆగలేదు. నన్ను చూడగానే చిన్నది చేతిలో చాక్‌పీసు కింద పడింది. బెంచీల మధ్య దారి లేదు, మోకాళ్ళు తప్పించుకుంటూ వెళ్ళి నీలం కుర్చీ లాక్కుని ముందు కూర్చున్నాను.

కొత్తవాళ్ళకి అర్థం కాలేదు. పాతవాళ్ళకి అయింది. కుర్చీలో రానివాళ్ళు వచ్చి కూర్చున్నారంటే, చెప్పినవాళ్ళు లేవాలి.

డ్రైవరుగారు లేచారు. టోపీ చేతుల్లో నలుపుతూ, చిన్నదాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. పెద్ద బస్సుని ఇరుకు సందుల్లో తిప్పే మనిషికి చెమట పట్టింది.

"షీ వర్క్స్ హార్డ్. షీ డ్రింక్స్ టీ వితౌట్ షుగర్. షీ షౌట్స్ ఎ లాట్." అక్కడ ఆగారు. నేను తలూపాను. "షీ కమ్స్ బ్యాక్ ఆన్ మండే."

ఒక్క చెయ్యీ లేవలేదు.

అబద్ధం ఏదో తేల్చాల్సింది నేను. మూడు వారాలు దాచుకున్న గొంతు తీశాను. బొంగురుగా, నాది కానట్టు వచ్చింది. "అన్నీ నిజమే" అన్నాను.

కుట్టుమిషనావిడ నెమ్మదిగా చిన్నదాని వైపు తిరిగింది. "మరి మేడంకి గొంతు ఇంక రాదని, ఊరు మారిపోతున్నారని, చూస్తే బాధపడతారు ఇంటికి ఎవరూ రావద్దని చెప్పింది మీరే కదమ్మా?" అంది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

చిన్నది కింద పడ్డ చాక్‌పీసు కోసం వంగింది. అప్పటికి ఓనరు గుమ్మంలోకి వచ్చాడు.

"మీ చెల్లెలు చెప్పబట్టే కదా మేడం, మీరు మానేస్తున్నారనుకుని బ్యాచ్‌లు కలిపేశాను. అడ్మిషన్లు కూడా అయిపోయాయి. ఇప్పుడు మళ్ళీ విడగొట్టడం కుదరదు. ఒక ఒరలో రెండు కత్తులు ఎక్కడ ఇముడుతాయి చెప్పండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మొహంలో మాత్రం ఏడాది నాటి ముల్లు ఊడిన సుఖం ఉంది. నేనొచ్చి కాదంటే కలిపిన బ్యాచ్ విడగొట్టాలి, కాబట్టి నేను రాకపోవడమే అతనికి కావాలి.

వరండాలో చిన్నది నా వెనకే వచ్చింది. ఏడుస్తోంది. డాక్టరు మాట పక్కన పెట్టి అడిగాను.

"అడిగుంటే ఇవ్వనా?"

"ఇచ్చేదానివి. నువ్వెప్పుడూ ఇస్తావు. నేనెప్పుడూ పుచ్చుకుంటాను. పేరడిగితే నువ్వు, ఊరడిగితే నువ్వు. నాకూ నోరుందని నేనే మర్చిపోయానక్కా. నువ్వు మాట్లాడటం మానేశాకే నా మాట ఎవరికైనా వినపడింది. సోమవారం దగ్గరపడుతుంటే ఊపిరాడలేదు."

"నాకు గొంతు రాదన్నావు."

"రాకూడదనుకోలేదు. ఒట్టు. కొంచెం ఆలస్యంగా వస్తే బాగుండు అనుకున్నాను. ఒకరోజు నోరు జారి అనేశాను, తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను."

అది చెప్పినదాంట్లో నిజం ఉండచ్చు. ఉన్నా నాకు దాని మీద జాలి కలగలేదు. నా గొంతు మీద కత్తి పడుతుందేమోనని నేను భయపడుతూ పడుకున్న రోజుల్లో, అది ఆలస్యం కావాలని కోరుకుంది. ఉప్పునీళ్ళు కాస్తూ కోరుకుంది. ఆ మాట దాని ముఖం మీదే అన్నాను, గొంతు చిరిగినా సరే.

కుర్చీ నాది, ఇంటి నుంచి తెచ్చింది. డ్రైవరుగారు నేను వద్దన్నా వినకుండా కిందికి మోసుకొచ్చారు. కుట్టుమిషనావిడ మెట్ల మీద నిలబడి, "రేపట్నుంచి మా తోకలు ఎవరు చూస్తారు మేడం" అంది. ఆవిడ చెయ్యి నొక్కి వచ్చేశాను.

జూన్ 24, మంగళవారం

చిన్నది పొద్దున్నే బట్టలు సర్దుకుంది. కొత్త బ్యాచ్‌లో ఒకమ్మాయి గదిలో ఉంటుందట. బావకి చెప్పింది, నా గదిలోకి రాలేదు. గుమ్మం దగ్గర కాసేపు చెప్పుల చప్పుడు వినిపించింది. నేను లేవలేదు. అది వెళ్ళాక చూస్తే మందులు వేసుకునే వేళలు నా పలక మీద రాసి పెట్టింది. తుడిచేశాను.

సాయంత్రం నీలం కుర్చీ వంటింట్లో వేశాను. ఎదురుగా పీట మీద కూర్చుని ఆట ఆడాను. ఈరోజు రానిది ఎవరో నాకు తెలుసు. నాకు పరీక్ష లేదు కదా, తెలుగులోనే చెప్పాను, గట్టిగా, గొంతు విప్పి.

"అది తొందరగా నేర్చుకుంటుంది. అది బల్లిని చూస్తే ఇల్లెగిరిపోయేలా అరుస్తుంది. అది నా చెల్లెలు. అది ఏం చేసినా నా కోసమే చేస్తుంది."

మా ఆయన ఎప్పుడొచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు. వేళాకోళం ఏమీ లేదు ఆయన మొహంలో. క్లాసులో పిల్లాడిలా మెల్లగా చెయ్యెత్తారు.

దించెయ్యమని సైగ చేశాను.